వైకల్యముగల పిల్లల ఆహారము : మన ప్రశ్నావళులు ఏమి అడుగుచున్నవి?

తలిదండ్రులకు, ఉపాధ్యాయులకు పోషకాహారమును గురించి ఎంత తెలియునో ప్రశ్నావళితో కొలుచు పద్ధతి మన దేశమందు చాలకాలముగా ఉన్నది. గృహవిజ్ఞానము, విద్యాశాస్త్రము చదువు విద్యార్థులు దీనిని తరచుగా చేపట్టుదురు. వైకల్యముగల పిల్లల విషయమున కూడ ఇట్టి పరిశీలనలు జరుగుచుండుట సంతోషింపదగినదే. ఆ పిల్లలు ఏమి తినుచున్నారని అడిగినవారే ఒకప్పుడు లేరు. కాని అడుగుట వేరు, అడుగవలసినది అడుగుట వేరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములనే తీసికొందము. 2016 అక్టోబరు వరకు ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. పిమ్మట మొదటి రెండును క్రొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. ఈ ప్రాంతపు మండలములలో ప్రత్యేకావసరములుగల పిల్లలకై ‘భవిత’ కేంద్రములు కలవు. అందు ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పనిచేయుదురు. ఇట్టి కేంద్రమునకు పిల్లవానిని ఎత్తుకొని వచ్చిన తల్లి చేతికి, అక్కడి ఉపాధ్యాయుని చేతికి ఒక ప్రశ్నావళి ఇచ్చితిమనుకొందము. అందు ఏమి ఉండును? మాంసకృత్తులు ఏ ఆహారములో అధికముగా ఉండును? రేచీకటి ఏ విటమిను లోపమువలన కలుగును? ఇనుము ఎక్కువగాగల ఆకుకూర ఏది? సమతులాహారమనగా నేమి? పిమ్మట ఒక ఉపన్యాసము, పటములు, కరపత్రములు. పది పదునైదు దినములకు అవే ప్రశ్నలు మరల అడుగుదురు. మార్కులు పెరుగును. పెరుగకుండుటెట్లు? నిన్న చెప్పిన సమాధానమునే నేడు అడుగుచున్నాము. ‘తలిదండ్రులలో అవగాహన తక్కువగా నుండెను, శిక్షణానంతరము వృద్ధి చెందెను’ అని వ్రాసి ముగింతురు. పిల్లవాని బరువు పెరిగినదా అను ప్రశ్న చాల తరచుగా ఆ కాగితములలో కనబడదు.

ఈ పద్ధతిలో నాకు తోచు పెద్ద లోపము ఇది కాదు. ‘సరియైన సమాధానము’ అని ఎవనికి మార్కు వేయుచున్నామో, ఆ సమాధానము కొందరు పిల్లల విషయమున సరియైనదే కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. అందు చూపు, వినికిడి, చలనము, బుద్ధిమాంద్యము మాత్రమే గాక థలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వ్యాధి కూడ చేరినవి. తీవ్రమైన థలసీమియాగల పిల్లవాడు పాలిపోయి, నీరసముగా కనిపించును. మన ప్రశ్నావళిలో నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్న ఉపాధ్యాయుడు వానిని చూచి ఏమి చెప్పును? రక్తహీనత, కావున ఇనుము కావలెను, తోటకూర తినుము, పైన నిమ్మరసము పిండుకొనుము, బడిలో ఇచ్చు ఇనుము మాత్ర తప్పక వేసికొనుము అని చెప్పును. ప్రతి మాటయు పాఠ్యపుస్తకములోనిదే. కాని ఈ పిల్లవాని రక్తము తగ్గుటకు కారణము ఇనుము కొరత కాదు. హీమోగ్లోబిను నిర్మాణములోనే లోపము. వాడు బ్రతుకుటకై కొన్ని వారములకొకసారి పరుల రక్తము ఎక్కించుకొనును. ఒక్కొక్క సీసా రక్తముతో సుమారు 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుము శరీరములో చేరును. మన శరీరము దినమునకు 1 మిల్లీగ్రాము మాత్రమే బయటికి పంపగలదు. మిగిలినది కాలేయమునందు, గుండెయందు, వినాళగ్రంథులయందు పేరుకొనును. దానిని తీయుటకు వేరుగా మందు వాడవలసియున్నది. అట్టి పిల్లవానికి వైద్యుని సలహా లేక ఇనుము మాత్ర ఇచ్చుట హాని. ఆకుకూరలోని ఇనుము స్వల్పమే గాన అందు పెద్ద భయము లేదు, భయమంతయు మాత్రవలననే. ఇక నిమ్మరసము ఇనుమును ఒంటబట్టించును, తేనీరు అడ్డుకొనును. భోజనముతో తేనీరు త్రాగరాదని మనము అందరికి చెప్పుచున్నాము. ఈ పిల్లలకు కొందరు వైద్యులు భోజనముతో తేనీరు త్రాగుమనియే చెప్పుదురు. మన ప్రశ్నావళిలో ఆ తల్లి ‘త్రాగవచ్చును’ అని గుర్తు పెట్టినచో సున్న మార్కు వచ్చును.

అందరు పిల్లల విషయము ఇట్లుండదు. చూపులేని పిల్లకు, వినికిడి లేని పిల్లకు కావలసిన ఆహారము వారి అక్కచెల్లెండ్రకు కావలసినదే. చూపులేని పిల్లకు పళ్లెములో అన్నము ఎటు, కూర ఎటు అని చెప్పి, ప్రతిదినము అదే చోట వడ్డించిన చాలును. ‘వైకల్యముగల పిల్లలు’ అని అందరిని ఒక గంపలో వేసి, వారి తలిదండ్రుల మార్కులకు సగటు కట్టుటలో అర్థము లేదు. ఆ సగటు ఎవరి ఇంటి సంగతి చెప్పును?

అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపవలసినది సెరిబ్రల్ పాల్సీగల పిల్లలను గురించి. పుట్టుకకు ముందో, పుట్టినప్పుడో, పసితనములోనో మెదడునకు కలిగిన హానివలన వీరి కండరములు అదుపులో నుండవు. కాళ్లు చేతులే కాదు, నాలుక, దవడ, గొంతు కూడ కండరములతోనే పనిచేయునను సంగతి మనము మరచుచుందుము. మ్రింగుట చిన్న పని కాదు. ముద్దను నాలుక వెనుకకు నెట్టవలెను. అదే క్షణమున వాయునాళము మూసికొనవలెను. ఆ వరుస తప్పినచో పొలమారును. మనకు ఎప్పుడో ఒకసారి పొలమారును. ఈ పిల్లలలో పెక్కుమందికి ప్రతి పూట ఆ ప్రమాదము కలదు. ఆహారము కొంచెము కొంచెముగా ఊపిరితిత్తులలోనికి దిగి మాటిమాటికి జ్వరము, ఆయాసము తెచ్చును. కొందరిలో దగ్గు కూడ రాకుండగనే లోపలికి పోవును. తిన్న తరువాత గొంతు తడితడిగా గురగురమనుట ఒక సూచన. అట్టి పిల్లవానిని వైద్యునికి, మ్రింగుటను పరీక్షించు నిపుణునికి చూపవలెను.

ఇక్కడ కూడ మన మంచి సలహాలు తలక్రిందులగును. చిక్కని జావ పసివారికి ఎక్కువ తినిపించలేము గాన మొలకెత్తిన గింజల పిండి కొంచెము కలిపినచో జావ పలుచనగునని ఆహారశాస్త్రజ్ఞులు నేర్పిరి. మొలకలలోని అమైలేసు అను ఎంజైము పిండిపదార్థమును విడగొట్టుటే దీనికి కారణము. చక్కని ఉపాయము. కాని మ్రింగలేని పిల్లలలో అనేకులకు మిక్కిలి ప్రమాదకరమైనది పలుచని ద్రవమే. అది వేగముగా జారి వాయునాళములో పడును. వారికి గుజ్జుగా, ఒకే తీరుగా ఉన్న ఆహారము మేలు. పప్పుతోనో పెరుగుతోనో మెత్తగా మెదిపిన అన్నము చాలమందికి నప్పును. సాగర్ ఎడమ కాలువక్రింద వరి పండించు కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో అది ప్రతి ఇంట నుండునదే. మర పట్టిన తెల్లబియ్యమును గోడపటము నిందించును. విటమినుల లెక్కలో ఆ నింద న్యాయమే. కాని నమలలేని పిల్లవానికి పటములోని మొలకలు, పచ్చికూరముక్కలు, దంపుడు బియ్యము ఏమి పనికివచ్చును?

తల్లి ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వాల్చి, నోటిలో పోయుట మన ఇండ్లలో ఉగ్గు నాటి అలవాటు. ఈ పిల్లలకు అది తగదు. వీపునకు ఆధారమిచ్చి, పాదములు దేనిపైననో ఆనునట్లు, తల కొంచెము ముందుకు వంగియుండునట్లు కూర్చుండబెట్టవలెను. చదునైన చెంచాతో కొంచెమే పెట్టి, మ్రింగిన తరువాతనే మరియొకటి పెట్టవలెను. తిన్న పిదప అరగంటసేపు పరుండబెట్టరాదు. ఇట్లు తినిపించుటకు ఒక్కొక్క పూటకు ముప్పాతిక గంట, గంట పట్టును. బడిలో మధ్యాహ్న భోజనవేళ ఎంత? ఎవరు తినిపింతురు? 2013 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము బడిభోజనమున ప్రాథమిక తరగతులవారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ప్రాథమికోన్నత తరగతులవారికి 700 కేలరీలు, 20 గ్రాములు ఉండవలెను. ఇది పళ్లెములో పడిన ఆహారపు లెక్క. గంట కొట్టునప్పటికి సగమే తిన్న పిల్లవానికి చేరినవి 225 కేలరీలు. ఆ సగములో రెండు చిన్న చెంచాలు, అనగా 10 గ్రాములు, నేయియో నూనెయో కలిపినచో 90 కేలరీలు చేరును. ముద్ద పరిమాణము పెరుగదు, మ్రింగుటకును సుళువు. క్రొవ్వు గ్రామునకు 9 కేలరీలనియు, పిండిపదార్థము 4 అనియు మనము తొమ్మిదవ తరగతి పిల్లలచేత వల్లె వేయించుచున్నాము. ఆ జ్ఞానము ఇక్కడ పనికివచ్చును.

వీరు సరిగా పెరుగుచున్నారా అని చూచుటయు సులభము కాదు. బరువును ఎత్తుతో పోల్చవలెను. కాళ్లు ముడుచుకొనిపోయి నిలువలేని పిల్లవాని ఎత్తు ఎట్లు కొలుచుట? మోకాలి పైభాగమునుండి మడమ వరకు గల పొడవును సెంటీమీటర్లలో కొలిచి, దానిని 2.69 తో హెచ్చించి, 24.2 కలిపినచో సుమారు ఎత్తు వచ్చును. ఇది సెరిబ్రల్ పాల్సీగల పిల్లలకొరకు 1995 లో స్టీవెన్‌సన్ ప్రకటించిన సూత్రము. పండ్రెండేండ్లలోపు వారికి వాడుదురు. ఆ పొడవు 30 సెంటీమీటర్లైనచో ఎత్తు 104.9 సెంటీమీటర్లు. లెక్కల తరగతిలో చేయించదగిన లెక్క ఇది. మన ప్రశ్నావళులలో నేనింతవరకు దీనిని చూడలేదు.

ఇతర వైకల్యముల చిక్కులు ఇతరముగా ఉండును. డౌన్ సిండ్రోమ్‌గల పిల్లలు పొట్టిగా పెరుగుదురు. విశ్రాంతిలో వారి శరీరము వినియోగించు శక్తియు తక్కువ. థైరాయిడ్ లోపము వారిలో అధికము. కావున తొందరగా లావెక్కుదురు. జాలితో ఇచ్చు మిఠాయి, బిస్కట్టు అచ్చట శత్రువు. ఆటిజంగల పిల్లవాడు తెల్లని ఆహారమునే తినుట, ఒకే కంపెనీ బిస్కట్టు తప్ప ముట్టకుండుట తలిదండ్రులెరిగిన బాధయే. అది మొండితనము కాదు. వాసన, స్పర్శ, రంగు వానికి మనకంటె తీవ్రముగా తగులును. ఇట్లు రెండు మూడు వస్తువులతోనే బ్రతికిన పిల్లలకు స్కర్వి, విటమిన్ ఎ లోపపు కంటిజబ్బు వచ్చిన ఉదంతములు సంపన్న దేశముల వైద్యపత్రికలలో కూడ కలవు. ఇది చాలదన్నట్లు పాలు, గోధుమ మానిపించినచో ఆటిజం తగ్గునని ప్రచారము జరుగుచున్నది. దీనికి గట్టి ఆధారము లేదు. అసలే కొద్ది వస్తువులు తినువాని పళ్లెమునుండి పాలు తీసివేసినచో కాల్షియం ఎక్కడనుండి వచ్చును?

మందుల సంగతి ఎవరును అడుగరు. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్ వంటి మందులు శరీరములోని విటమిన్ డి ని త్వరగా విచ్ఛిన్నము చేయును. పిల్లవాడు గడప దాటి ఎండలోనికి రానివాడైనచో ఎముకలు మరింత మెత్తబడును. ఫెనిటాయిన్ వలన చిగుళ్లు వాచి పెరుగుటయు కలదు. నోరు నొప్పిగా నుండి తినని పిల్లవానిని ‘అరుచి’ అని వ్రాసికొని పోవుదుము.

మన పాఠ్యపుస్తకములలోని పట్టికను ఒకసారి మరల చూడుడు. ఒక గడిలో పోషకము, దాని ప్రక్క ఆహారము, చివరి గడిలో వ్యాధి. వైకల్యము కనిపించునది ఆ చివరి గడిలోనే: విటమిన్ ఎ లేకున్న గ్రుడ్డితనము, అయొడిన్ లేకున్న బుద్ధిమాంద్యము, విటమిన్ డి లేకున్న దొడ్డికాళ్లు. ఇవి సత్యములే, గొప్ప సత్యములే. 1962 లో గాయిటరు నిరోధక కార్యక్రమము, 1970 లో పిల్లలకు విటమిన్ ఎ మోతాదులు ఈ జ్ఞానముపైననే మొదలైనవి. గర్భము ధరించుటకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము తీసికొనినచో శిశువు వెన్నెముక లోపములు చాలవరకు తప్పునని 1991 లో బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి నిరూపించినది. కాని వైకల్యము వచ్చిన తరువాత ఆ పిల్లవాడు ఏమి తినవలెను, ఎట్లు తినవలెను? పట్టిక అక్కడితో ముగియును. ప్రశ్నావళి ఆ పట్టికనుండి పుట్టినది గనుక అదియు అక్కడితోనే ముగియును. వైకల్యముగల పిల్లవాడు అందు ఫలితముగా కనిపించునే గాని, ఆకలిగొన్నవాడుగా కనిపించడు. పైగా తల్లి తినకపోవుటవలననే బిడ్డ ఇట్లు పుట్టెనను నింద ఒకటి ఆమెపై పడును.

నల్లగొండకు ఈ విషయమున తనదైన చరిత్ర కలదు. ఇచ్చటి ఫ్లోరోసిస్‌ను గురించి ఎ. హెచ్. సిద్దిఖీ 1955 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. 1973 లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మోకాళ్లు లోపలికి ఒరసికొని పాదములు ఎడమగు క్రొత్త రూపమును లాన్సెట్ పత్రికలో వర్ణించిరి. నీటిలోని ఫ్లోరైడుతో మాత్రమే వారు ఊరకుండలేదు. ఆ ఊళ్లవారు తిను జొన్నలను పరీక్షించిరి. వాటిలో మాలిబ్డినం అధికముగా నుండుటయు, దానివలన శరీరమునుండి రాగి ఎక్కువగా వెడలిపోవుటయు ఆ సంస్థవారి పరిశోధనలలో చర్చకు వచ్చినవి. ఆహారములో కాల్షియం తక్కువైనచో ఫ్లోరైడు ఎముకలను మరింత వంచునని తెలిసినది. మర్రిగూడ వైపు పల్లెలో జొన్నరొట్టె తినువానికి, మిర్యాలగూడ ఆయకట్టులో వరియన్నము తినువానికి ఒకే ప్రశ్న వేయరాదని ఈ జిల్లా పరిశోధన యాభై యేండ్ల క్రిందటనే చూపినది. అయినను జిల్లా పేరు ముఖపత్రముపై మాత్రమే మారి, లోపలి ప్రశ్నలు ఏ రాష్ట్రమునకైనను సరిపోవునట్లు ఉన్న ప్రశ్నావళులు నేటికిని వచ్చుచున్నవి.

తలిదండ్రులను అజ్ఞానులుగా లెక్కకట్టువారికి నార్వే దేశపు కథ ఒకటి చెప్పవలెను. బోర్గ్‌నీ ఎగెలాండ్ అను తల్లికి ఇద్దరు పిల్లలు, ఇద్దరికిని బుద్ధిమాంద్యము. వారి మూత్రమునకు వింత వాసన యున్నదని ఆమె వైద్యులందరికి చెప్పుచు తిరిగెను. ఎవరును పట్టించుకొనలేదు. 1934 లో ఆస్‌బ్యోర్న్ ఫెలింగ్ అను వైద్యుడు ఆ మాట విని, మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు కలిపెను. అది ఆకుపచ్చగా మారెను. అట్లు ఫీనైల్‌కీటోన్యూరియా బయటపడినది. మాంసకృత్తులలోని ఫీనైల్ఎలనీను అను అమైనో ఆమ్లమును ఆ పిల్లల శరీరము మార్చుకొనలేదు. అది పేరుకొని మెదడును చెరచును. 1953 లో హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఇంగ్లండులో ఆ ఆమ్లము తగ్గించిన ఆహారముతో ఒక బాలిక స్థితి మెరుగుపడుట చూపిరి. పుట్టిన దినములలోనే కనుగొని అట్టి ఆహారమిచ్చినచో బుద్ధిమాంద్యమే రాదని తరువాత తేలినది. ‘మాంసకృత్తులు ఎక్కువగా పెట్టుడు’ అను సమాధానమునకు ఆ పిల్లల ఇంట మార్కు వేయుటెట్లు? దానికంటె ముఖ్యము, ఆ తల్లికి రసాయనశాస్త్రము రాదు. ఏ ప్రశ్నావళిలోను ‘మీరు ఏమి గమనించితిరి?’ అను గడి లేకున్నచో ఆమె చెప్పదగినది చెప్పుటకు చోటే ఉండదు.

ఉపాధ్యాయుని జ్ఞానమును తల్లి జ్ఞానముతో పోల్చి, ఎవరికి ఎక్కువ మార్కులని చూచుట కూడ నాకు రుచింపదు. ఉపాధ్యాయునికి పోషకముల పేర్లు ఎక్కువ తెలియుట సహజము. కాని ఒకరు చూచినది మరియొకరు చూడలేదు. పిల్లవాడు బడిలో నీరు త్రాగడు. ఎందుకనగా మరుగుదొడ్డికి తీసికొనిపోవువారు లేరని ఇంటివద్దనే నీరు తగ్గించి పంపుట కొన్ని ఇండ్లలో జరుగుచున్నది. నీరు తక్కువ, కదలిక తక్కువ, మలబద్ధకము వచ్చును, కడుపు బిగిసి ఆకలి చచ్చును. ఉపాధ్యాయుడు ‘తినడు’ అని వ్రాయును, తల్లి ‘తినడు’ అని వ్రాయును. నీటి చెంబుకు, పళ్లెమునకు గల సంబంధము ఇద్దరును కలిసి మాటాడినప్పుడే తెలియును. దీనికి కావలసినది పీచుపదార్థముపై ఉపన్యాసము కాదు; బడిలో ఒక ఆయా, పట్టుకొనుటకు కడ్డీగల మరుగుదొడ్డి. ప్రశ్నావళి జ్ఞానమునే కొలిచినచో లోపమంతయు జ్ఞానములోనే కనిపించును. ఆయా లేని లోపమును తల్లి మార్కులలో నుండి తీసివేయుదుము.

ప్రశ్నావళులు మానవలెనని నేననుట లేదు. మార్చవలెను. మీ పిల్లవాడు ఒక పూట తినుటకు ఎంతసేపు పట్టును? తినునప్పుడు దగ్గునా? ఎట్లు కూర్చుండబెట్టి పెట్టుదురు? ఏ మందులు వాడుచున్నాడు? గత ఆరు మాసములలో బరువు ఎవరైన చూచిరా? ఇనుము మాత్ర ఇచ్చుటకు ముందు వాని జబ్బు పేరు అడిగిరా? ఇట్టివి అడుగుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. సమాధానములకు మార్కులు వేయ పనిలేదు. చదివినవానికి మరునాడు ఏమి చేయవలెనో తెలియును.

నిలువలేని పిల్లవానిని తూచుటెట్లని అడుగు ఉపాధ్యాయులు కలరు. పెద్దలు నిలుచుండి తూగు యంత్రమొకటి చాలును. తల్లి పిల్లవానిని ఎత్తుకొని దానిపై నిలుచుండవలెను. పిమ్మట తానొక్కతెయే నిలుచుండవలెను. మొదటి అంకెనుండి రెండవది తీసివేసి, తేదీతో కూడ ఒక పుస్తకములో వ్రాయవలెను. నెలకొకసారి, అదే యంత్రముపై.